నాలుగు, ఐదు తరగతులల్ల చేతులతోని చేయించే ప్రాజెక్టులు: నల్గొండ, పాలమూరు బడుల కోసం స్టెప్ బై స్టెప్

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, బడిల నడుమ నడుమ మార్కులేసే పరీక్ష) దగ్గర పడంగనే మన బడులల్ల ఒక తంతు నడుస్తది, అందరికీ ఎరుకే. సారు "రేపు ప్రాజెక్టు పట్కరావాలె" అంటడు, పిల్లలు ఇంటికి పోయి అమ్మను సతాయిస్తరు, అమ్మ కూలి పైసలల్లకెళ్ళి ఒక యాభయ్యో ఎంతో తీసి ఇస్తది, బస్టాండు కాడి స్టేషనరీ షాపుల చార్టు, స్కెచ్చులు, అచ్చేసిన బొమ్మల షీటు కొంటరు, ఇంట్ల చదువుకున్న అక్కనో అన్ననో రాసి పెడతరు, తెల్లారి సారు టిక్కు కొట్టి మార్కులేసి దాన్ని బీరువా మీద పడేస్తడు. పిల్లగానికి వచ్చిందేంది అంటే గమ్ము ఎంత పెడితే కాయిదం ముడతలు పడదో తెలిసింది, గంతే.

నేను చెప్పేది దానికి ఉల్టా పద్ధతి. ఏడాది పొడుగునా నడిచే కొలతల ప్రాజెక్టు ఒకటి, దానికి తోడు చిన్నయి ఒకటి రెండు, అన్నీ బడి ఆవరణలనే, పైసల ఖర్చు దాదాపు లేకుండా. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతది, ఎందుకంటే స్కేలు పట్టుకొని సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు చదువుడు అప్పటికే వస్తది, గుణకారాలు భాగహారాలు నడుస్తుంటయి, అన్నిటికంటే ముఖ్యం ఆ వయసుల ఇంకా సిగ్గు లేకుండా ప్రశ్నలు అడుగుతరు. ఆరు, ఏడు తరగతుల సార్లు గూడ వాడుకోవచ్చు, లెక్కలు జర పెంచుకోవాలె అంతే.

స్టెప్ 1: టాపిక్ కాదు, ప్రశ్న పట్టుకోండి

"నీటి కాలుష్యం", "మన పండుగలు" అని టాపిక్ ఇస్తే పిల్లలు ఇంటర్నెట్ సెంటరుకు పోతరు. "మన బడిల జెండా కర్ర నీడ ఏ రోజు మాయమైతది?" అని ప్రశ్న ఇస్తే ఎటు పోతరు? ఎండలకే పోవాలె. ప్రశ్న మంచిదా కాదా అని చూసుకోనీకి నేను పెట్టుకున్న గుర్తులు రెండే. జవాబు పుస్తకంల దొరకొద్దు, మన బడిలనే దొరకాలె. రోజుకు ఐదు నిమిషాలు, లేకుంటే వారానికి పది నిమిషాలు మించి పట్టొద్దు. ఈ రెండోది పక్కా చూసుకోండి, ఎందుకంటే మన దగ్గర సగం బడులల్ల ఒకరో ఇద్దరో సార్లుంటరు, ఒక దిక్కు ఒకటో తరగతోళ్ళు ఏడుస్తుంటే ఇంకో దిక్కు గంటసేపు ప్రయోగం అంటే అయ్యే పని కాదు, జూలై రాంగనే బందైతది.

స్టెప్ 2: సామాన్ల డబ్బా

బడి తెరిచిన వారంల ఒక అట్టపెట్టె పెట్టి పిల్లలకు చెప్పండి, ఇంట్ల పారేసేటియి తెమ్మని. పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు, సుతిలి తాడు, పాత పెయింట్ డబ్బా, ఇనుప సలాక ముక్క, గాజు సీసాలు కాకుండా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. మనం కొనేది ఏమన్నా ఉంటే టైలర్ టేపు ఒక రెండు, పర్మనెంట్ మార్కరు ఒకటి, ఎం-సీల్ ప్యాకెట్ ఒకటి. గ్రాఫ్ పేపరు అక్కర్లేదు, గళ్ళ నోట్సు చాలు.

స్టెప్ 3: గ్రూపులు చేసుడు

నలుగురైదుగురితోని గ్రూపు, నాలుగో తరగతోళ్ళను ఐదో తరగతోళ్ళను కలిపి. ప్రతి గ్రూపుల కొలిచేటోళ్ళు, రాసేటోళ్ళు, సామాను చూసేటోళ్ళు, ఇంకొకరు మళ్ళొకసారి కొలిచి మొదటి కొలత కరెక్టేనా అని చూసేటోళ్ళు. ఈ ఆఖరి పనిని మస్తు మంది వదిలేస్తరు గాని అసలు చదువు అక్కడనే ఉంది. ఒకడు 14.2 అంటడు, ఇంకొకామె 14.6 అంటది, ఇద్దరూ కొట్లాడుతరు, అప్పుడు స్కేలు సున్నా ఎక్కడ పెట్టినవ్ అనే మాట వస్తది, స్కేలు అంచుకు సున్నాకు నడుమ ఉండే ఖాళీ సంగతి బయటపడుతది. మనం బోర్డు మీద పదిసార్లు చెప్పినా ఎక్కని ముచ్చట అది.

వారం వారం పనులు మార్చాలె. మార్చకుంటే ఏమైతదంటే టేపు మగపిల్లల చేతిలకెళ్ళి కదలదు, "నీ రాత మంచిగుంటది" అని ఆడపిల్లలకు ఏడాదంతా నోట్సు రాసే పనే పడుతది. గోడకు ఒక కాయిదం అంటించి ఏ వారం ఎవరికి ఏ పని అని రాసి పెడితే లొల్లి ఉండదు.

స్టెప్ 4: నీడ కర్ర (అసలు ప్రాజెక్టు ఇదే)

దీని మీద జర ఎక్కువ చెప్త, ఎందుకంటే ఒక్క సలాకతోని లెక్కలు, పరిసరాల విజ్ఞానం, దిక్కులు, గ్రాఫులు అన్నీ వస్తయి.

మొదలు సలాకను పెయింట్ డబ్బాల నిలబెట్టి ఇసుక, సిమెంటు కలిపి పోయండి. సిమెంటు పై అంచు నుంచి సలాక కొన దాక సరిగ్గా 30 సెంటీమీటర్లు ఉండాలె, డబ్బా అంచు నీడకు అడ్డం రాకుండా సిమెంటు డబ్బా నిండా అంచుకు సమానంగ పోయాలె. తర్వాత డబ్బాను మట్టిల పూడ్చి సిమెంటు మట్టం, చుట్టూ నేల మట్టం ఒకటే అయ్యేటట్టు చేస్తే కొలుచుడు అల్కగైతది. కర్ర నిటారుగ ఉందా అని చూడనీకి మేస్త్రీలు గోడకు పట్టే గుండు ఉంటది కదా, అట్లనే దారానికి రాయి కట్టి రెండు దిక్కుల నుంచి చూడమనండి. జాగా ఎన్నుకునేటప్పుడు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 దాక చెట్టు నీడ, బిల్డింగు నీడ పడని చోటు చూసుకోవాలె, అది గూడ పిల్లలతోనే చూపించండి.

మొదటి రోజు పని: 10 గంటలకెళ్ళి 3 దాక అరగంటకోసారి నీడ కొన కాడ సుద్దతోని చుక్క పెట్టాలె, పక్కన టైం రాయాలె. 12 దాటే ముందు నుంచి 12:40 దాక ఐదేసి నిమిషాలకు పెట్టాలె. ముందుగాల్నే పిల్లలను అడగండి, నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగ ఉంటది అని. అందరూ ఒక్కతీరుగ "12 గంటలకు" అంటరు. కొలిస్తే అట్ల రాదు. జూన్‌ల నల్గొండల 12:14 కాడ, మహబూబ్‌నగర్‌ల 12:20 దరిదాపుల వస్తది. గడియారం తప్పు నడుస్తుందని కొట్లాట మొదలైతది, మా దగ్గరనైతే ఒక పిల్ల ఆఫీస్ రూముల గోడ గడియారానికి సెల్ వేయించాలె సార్ అన్నది.

సంగతేందంటే మన దేశం టైం మొత్తం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద పెట్టిన్రు, ఆ గీత యూపీల మిర్జాపూర్ పక్కనుంచి, ఇటు ఆంధ్రల కాకినాడ దగ్గర్నుంచి పోతది. భూమి ఒక డిగ్రీ తిరగనీకి 4 నిమిషాలు పడుతది. నల్గొండ 79.3 డిగ్రీల కాడ ఉంది, మహబూబ్‌నగర్ 78 కాడ. తీసివేత చేసి 4 పెట్టి గుణించమనండి, నల్గొండకు 13 నిమిషాలు, మహబూబ్‌నగర్‌కు 18 నిమిషాల ఆలస్యం వస్తది. ఐదో తరగతి దశాంశాల లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలే. భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం, దాని వంపు వల్ల ఇది కూడ నెల నెలకు జర అటు ఇటు జరుగుతది, నవంబర్ మొదట్ల నల్గొండల 12 కంటే కొంచెం ముందే వస్తది, ఫిబ్రవరిల దాదాపు 12:27 దాక పోతది. అది పిల్లలకు ముందే చెప్పొద్దు, వాళ్ళకే దొరకనీయండి.

అన్నిటికంటే పొట్టి నీడ పడిన చుక్కను, కర్ర మొదలును కలిపి ఒక పొడుగు గీత గీయండి, రెండు దిక్కులకు. అదే ఉత్తరం-దక్షిణం గీత. ఫోనుల దిక్సూచి పెట్టి సరిచూసుకోవచ్చు, కాకుంటే పక్కన ఇనుప సలాక ఉంటే ఫోను తప్పు చూపిస్తది, జర దూరం జరిగి చూడాలె. ఆ గీత మీద పెయింట్ వేసిపెట్టుకుంటే ఇగ గడియారంతోని పని లేదు, నీడ వచ్చి గీత మీద వాలినప్పుడు కొలుచుడే.

ఇప్పుడు వారానికి ఒక్క రోజు, గీత మీద నీడ పడంగనే పొడుగు కొలిచి రాయాలె, నీడ ఉత్తరం దిక్కు పడ్డదా దక్షిణం దిక్కా అని గూడ రాయాలె. దిక్కు ఎందుకంటే మన బడులు జూన్ 12 కాడ తెరుస్తరు కదా, అప్పుడు మన దగ్గర మధ్యాహ్నం నీడ దక్షిణం దిక్కు పడుతది! సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోయి ఉంటడు. జూన్ 21 కాడ 30 సెంటీమీటర్ల కర్రకు మూడున్నర సెంటీమీటర్ల దాక దక్షిణం నీడ ఉంటది. అక్కడికెళ్ళి తగ్గుకుంట తగ్గుకుంట ఆగస్టు 4, 5 తేదీల కాడ సున్నా అయితది, మహబూబ్‌నగర్ దిక్కు ఒక రోజు ఆగి. ఆ తర్వాత నీడ ఉత్తరానికి మళ్ళుతది, సెప్టెంబర్ 23 కాడ 9 సెంటీమీటర్లు, డిసెంబర్ 22 కాడ 25 సెంటీమీటర్లు దాటుతది, అక్కడినుంచి మళ్ళ తిరుగు ప్రయాణం. ఈ నంబర్లు మీకోసం చెప్తున్న, పిల్లలకు చెప్పొద్దు. మీ కొలతలు వీటికి అర సెంటీమీటరు అటు ఇటు ఉంటే మీ కర్ర మంచిగ నిలబడ్డట్టే, రెండు సెంటీమీటర్ల తేడా వస్తే కర్ర వంగింది, గుండు పట్టి చూడండి.

ఆగస్టు మొదటి వారం అంటే మొగులు పట్టి ఉంటది, సున్నా నీడ రోజున ఎండ రాకపోవచ్చు, అప్పుడు ఏం చేయాలె అని అడుగుతరు. ఏం ఫికరు లేదు. ఆ రోజులల్ల నీడ రోజుకు మిల్లీమీటరున్నర లోపే మారుతది. జూలై ఆఖరి నుంచి ఆగస్టు 12 దాక ఎండ ఎప్పుడు మెరిస్తే అప్పుడు కొలిచి, దక్షిణం నీడను సున్నా గీత కింద, ఉత్తరం నీడను సున్నా గీత పైన గ్రాఫు మీద చుక్కలు పెట్టి, స్కేలుతోని కలిపితే గీత సున్నాను ఎక్కడ దాటిందో తేదీ దానంతట అదే తెలుస్తది. చూడని రోజును లెక్కతోని పట్టుకునుడు అన్నమాట, పిల్లలకు ఇది చానా సంబురం.

ఎండ రాని వారం గడి ఖాళీగనే ఉంచాలె, అందాజాగ నింపొద్దు. ఈ ఒక్క నియమం మీద మాత్రం గట్టిగ ఉండండి. పిల్లలు సారును సంతోషపెట్టాలని నంబరు కల్పిస్తరు, మనం ఖాళీ గడికి మార్కులు కట్ చేస్తే అది మనమే నేర్పినట్టు.

ఇదే కర్రతోని జెండా కర్ర ఎత్తు లెక్క గూడ చేయించండి. ఒకే టైంల రెండిటి నీడలు కొలవాలె. 30 సెంటీమీటర్ల కర్రకు 20 సెంటీమీటర్ల నీడ, జెండా కర్రకు 4 మీటర్ల నీడ ఉంటే జెండా కర్ర 6 మీటర్లు. తర్వాత వాటర్ ట్యాంకు, వేపచెట్టు, సెల్ టవరు ఇట్ల ఊరంత కొలుచుకుంట పోతరు, ఆపుడు కష్టం. సూర్యుని దిక్కు నేరుగ చూడొద్దని మాత్రం మొదటి రోజే, ఆ తర్వాత ప్రతిసారి చెప్పాలె.

నల్గొండ చుట్టుపక్కలోళ్ళు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ట్రిప్పు దీనికి కలుపుకోండి. కుందూరు చోళుల కాలం గుడి, గర్భగుడిల స్తంభం నీడ పొద్దంతా ఒక్క చోటనే ఉంటది. మూడు నెలల సంది నీడ జరుగుడు కొలుస్తున్న పిల్లలు అక్కడికి పోయి "ఇదెందుకు జరగదు?" అని అడుగుతరు చూడండి, ఊకె బస్సెక్కి పోయిన పిల్లలు అడగరు. నేరుగ పడే ఎండ కాకుండా పక్కల సందులల్లకెళ్ళి చెదిరి లోపలికొచ్చే వెలుతురుతోని పడే నీడ అది, అందుకే సూర్యుడు జరిగినా నీడ జరగదు. బడికొచ్చినంక చెప్పుల డబ్బాకు రెండు పక్కల కిటికీలు కోసి, లోపల పెన్సిళ్ళు నిలబెట్టి, డబ్బాను ఎండల తిప్పుకుంట చూడమనండి. గుడిల ఉన్నట్టే రాకపోవచ్చు, కిటికీ సైజు మార్చుకుంట, పెన్సిలు జరుపుకుంట పోవుడే ప్రాజెక్టు.

స్టెప్ 5: వాన సీసా

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, నడుమ సన్నగ కాకుండా పక్కలు నిటారుగ ఉన్నది చూసుకోండి. పైభాగం కోసి (కోసుడు సారే చేయాలె, బ్లేడు పిల్లలకు ఇయ్యొద్దు) తలకిందులు చేసి గరాటు లెక్క అదే సీసాల పెట్టండి. సీసా అడుగు ఎత్తుపల్లాలుగ ఉంటది కాబట్టి గులకరాళ్ళు వేసి, రాళ్ళు మునిగేదాక నీళ్ళు పోసి ఆ మట్టం కాడ మార్కరుతోని సున్నా గీత పెట్టాలె. అక్కడినుంచి పైకి మిల్లీమీటర్లు. నీళ్ళు ఎండలకు సున్నా కంటే దిగుతయి, రోజూ పొద్దున కొలిచినంక మళ్ళ సున్నాకు సరిచేయాలె.

జాగా విషయం: పక్కన ఉన్న చెట్టో గోడో ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరం ఉండాలె. నేల మీద నుంచి మట్టి చిల్లి పడకుండ ఇటుకల మీద అడుగు ఎత్తుల పెట్టి, నాలుగు దిక్కుల ఇటుకలు ఆనించండి. ఇగ కోతులు. మన ఊర్లల్ల కోతుల బాధ చెప్పనీకి లేదు, మెరిసేది కనబడితే పీకి పారేస్తయి, అందుకే సీసాను సిమెంటు పైపు ముక్కలనో పాత బకెట్లనో బిగించి, సీసా మూతి అంచు పైకి రెండు మూడు వేళ్ళు ఉండేటట్టు పెడితే కొంత నయం.

వాతావరణ శాఖోళ్ళు పొద్దున 8:30కు లెక్క తీస్తరు. మనం మొదటి బెల్లుకు తీద్దాం, ఏదైనా సరే రోజూ అదే టైం కావాలె. ఆదివారం పడ్డ వాన సోమవారం లెక్కల కలుస్తది, "రెండు రోజులది" అని పక్కన రాయాలె.

మిల్లీమీటరు అంటే ఏందో పిల్లలకు ఎక్కాలంటే ఈ లెక్క చెప్పండి: ఒక చదరపు మీటరు జాగల ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. బడి స్లాబు 10 మీటర్ల పొడుగు, 6 మీటర్ల వెడల్పు అనుకుంటే 60 చదరపు మీటర్లు, 20 మిల్లీమీటర్ల వాన పడితే 1200 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 80 బిందెలు. ఎనభై బిందెలు మోరీల పోయినయి అంటే వాళ్ళ ముఖాలు చూడాలె, ఎందుకంటే బిందె మోసినోళ్ళకు బిందె బరువు ఎరుకే.

వాన సీసా నోట్సుల నేను ఒక కాలమ్ (నిలువు వరుస) అదనంగ పెట్టిస్త, "ఇంట్ల ఏమన్నరు" అని. 12 మిల్లీమీటర్లు పడ్డనాడు నాయిన "పదును (ఇత్తనం పెట్టేంత తడి) కాలే" అన్నడా, "ఇత్తనం పెట్టొచ్చు" అన్నడా అని పిల్లలు అడుగొచ్చి రాయాలె. ముసురు, తుంపర, జల్లు, దంచుడు వాన, ఏ మాట అంటే ఆ మాట. నాలుగు నెలలైనంక నంబర్లు ఒక దిక్కు, మాటలు ఒక దిక్కు పెట్టి చూస్తే ఎన్ని మిల్లీమీటర్లకు మన ఊరోళ్ళు "పదునైంది" అంటరో పిల్లలకే తెలుస్తది, చెల్కకు రేగడికి ఆ నంబరు వేరే వస్తది. ఇంకొకటి, నెలవారీ కాకుండ కార్తెల వారీగ కూడి చూడమనండి. మిర్గం (మృగశిర కార్తె) జూన్ 8 దరిదాపుల వస్తది, బడి తెరిచేసరికి మిర్గంలనే ఉంటం, ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. తాతలు చెప్పే కార్తెల సామెతలను సీసాతోని పరీక్ష పెట్టొచ్చు, ఒక్క ఏడాది లెక్కతోని సామెత తప్పా ఒప్పా తేలదని గూడ చెప్పాలె.

స్టెప్ 6: మట్టి సీసా

వానలు తగ్గినంక, దసరా సెలవులయ్యాక మంచిది. ప్రతి పిల్లగాడు వాళ్ళ చేను మట్టి ఒక గ్లాసెడు తేవాలె, భూమి లేనోళ్ళు చెరువు మట్టో బడి మట్టో, ఎవ్వరినీ "మీకు చేను లేదా" అని అడిగేటట్టు చేయొద్దు. ఎర్ర చెల్క, నల్ల రేగడి, దుబ్బ, చౌడు, నాలుగైదు రకాలు మన దగ్గర అల్కగ దొరుకుతయి. సీసాల మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు సర్ఫు, మూత పెట్టి ఐదు నిమిషాలు గట్టిగ ఊపి కదలకుండ పెట్టాలె. ఒకటి రెండు నిమిషాలల్ల ఇసుక అడుగుకు దిగుతది, రెండు మూడు గంటలల్ల ఒండ్రు, బంకమట్టి దిగనీకి రోజు దాటుతది. పొరలు స్కేలుతోని కొలిచి మొత్తంల ఎంత భాగమో భిన్నంల రాయాలె, ఐదోళ్ళు శాతం చేయాలె.

దాంతోపాటు గరాటుల బట్ట వేసి, సమానంగ మట్టి పోసి, 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే ఏ మట్టిల నుంచి ఎన్ని కారినయి, ఎంత టైం పట్టింది అని చూస్తే సరిపోతది. పల్లికాయ చెల్కల ఎందుకేస్తరు, పత్తి రేగడిల ఎందుకు మంచిగొస్తది అని అప్పుడు అడగండి. పల్లి ఊడలు మట్టిలకు దిగాలె కదా సార్ అని చెప్పే పిల్లలు మీ క్లాసుల ఉంటరు, పరీక్షలల్ల తక్కువ మార్కులొచ్చే పిల్లలే ఎక్కువ చెప్తరు ఇసొంటియి.

నీళ్ళ ప్రాజెక్టు గురించి ఒక మాట

నల్గొండల నీళ్ళ ప్రాజెక్టు అనంగనే ఇసుక, బొగ్గు, గులకరాళ్ళ ఫిల్టరు మోడల్ చేయిస్తరు. చేయించండి, బురద నీళ్ళు తేటగైతయి, చూడనీకి మంచిగుంటది. కాని తేట నీళ్ళంటే మంచి నీళ్ళు అనే మాట మాత్రం ఈ జిల్లాల చెప్పొద్దు. ఇక్కడి భూమిల నీళ్ళల్ల ఫ్లోరైడు ఎక్కువ, అది ఎముకలను వంకర చేస్తది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఇసుక ఫిల్టరుకు ఆగదు, మరగబెడితే నీళ్ళు తగ్గి ఇంకా చిక్కనైతది. తాగే నీళ్ళల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాక ఉండొచ్చని, వేరే దిక్కు లేకుంటే 1.5 దాక అని మన దేశ ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతోని ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేసింది, దానికి పేరే "నల్గొండ టెక్నిక్". మన జిల్లా పేరు ప్రపంచమంతా సైన్సు పుస్తకాలల్ల ఉన్నదే దీనికోసం, పిల్లలకు తెలవాలె. అది క్లాసుల చేసి నీళ్ళు తాగే ప్రయోగం మాత్రం కాదు, మందు కొలత తప్పితే వేరే తిప్పలు. క్లాసుల చేయదగ్గ పని ఏందంటే ఇంట్ల పెద్దోళ్ళను అడుగుడు: నల్లా రాకముందు ఎక్కడి నీళ్ళు తాగిన్రు, బోరు ఎప్పుడు పడ్డది, ఎన్ని ఫీట్లకు నీళ్ళొచ్చినయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊర్లల్ల ఇంట్ల ఎవరికన్న కాళ్ళు వంకరపోయినోళ్ళుంటే ఆ పిల్లను క్లాసుల నిలబెట్టి చెప్పమనొద్దు. రాస్తే రాసుకుంటది, మనసున ఉంటే చెప్తది.

ఐదు నిమిషాల చిన్న పనులు

మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క: ప్రైమరీల పిల్లకు 100 గ్రాములు, అప్పర్ ప్రైమరీల 150. ఇయ్యాల హాజరు 46 అయితే ఎన్ని కిలోలు, రోజూ ఒక గ్రూపు లెక్క చేసి వంటామెకు చెప్పాలె. కిరాణం చీటీ, కరెంటు బిల్లు చదువుడు కూడ ఇట్లనే. బడిల వేపచెట్టు చుట్టుకొలతను ఛాతి ఎత్తుల టేపుతోని ఏడాదికోసారి కొలిచి గోడ మీద రాసిపెట్టుండ్రి. పాలమూరోళ్ళు పిల్లలమర్రికి ట్రిప్పు పోతే ఊడలకు, కాండానికి తేడా చూపించి బొమ్మ గీయించండి, 2018 కాడ ఆ మర్రికి చెదలు పడితే సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించిన్రు, అది చెప్తే పిల్లలు చెట్టును వేరే తీరుగ చూస్తరు.

స్టెప్ 7: రాసుడు

గ్రూపుకొక గళ్ళ నోట్సు, సంచీలకు పోకుండ బడిలనే ఉండాలె. ప్రతిసారి తేదీ, టైం, కొలత, ఎవరు కొలిచిన్రు, కింద ఒక లైను "ఏం అనిపించింది". ఆ లైనుల "మొగులైంది, నీడ వడలే" అని రాస్తే ఎర్ర పెన్ను పట్టొద్దు. తెలుగు పీరియడుల అదే వాక్యాన్ని పుస్తకం భాషల ఎట్ల రాస్తరో వేరే చేయించండి, రెండూ రావాలె గాని కొలతల నోట్సు కాడ భాష దిద్దుడు మొదలుపెడితే రాసుడే బందు చేస్తరు, "వర్షం కురిసినది" అని ఒకటే లైను ఏడాదంతా దింపుతరు. కొట్టివేతలు గూడ ఉండనీయండి, రబ్బరుతోని తుడపొద్దు, పాత నంబరు మీద ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాయాలె.

నెలకొకసారి నోట్సులల్ల నంబర్లను క్లాసు గోడ మీది పెద్ద గ్రాఫుకు ఎక్కించాలె. పాత క్యాలెండర్ల వెనకదిక్కు అతికించి గళ్ళు గీస్తే పని నడుస్తది, థర్మాకోల్ ఏం అక్కర లేదు.

స్టెప్ 8: మార్కులు, చూపించుడు

ఎఫ్‌ఏల ప్రాజెక్టు పని మార్కులు ఈ నోట్సు మీదకెళ్ళే వేయొచ్చు, వేరే చార్టు అడగొద్దు. గ్రూపుకంత ఒకటే మార్కు వేస్తే పనిచేయనోడు బతికిపోతడు, అందుకే ఒక్కొక్కరిని పిలిచి నోట్సుల ఏదో ఒక నంబరు మీద వేలు పెట్టి "ఇది ఎట్లొచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. కొలిచిన పిల్ల గడగడ చెప్తది, కొలవనోడు పక్కోని దిక్కు చూస్తడు. చెక్ చేయనీకి వచ్చిన సార్లకు గూడ ఈ నోట్సే చూపించండి, నా అనుభవంల రంగుల చార్టు కంటే దీన్నే ఎక్కువసేపు తిప్పి చూస్తరు.

తల్లిదండ్రుల మీటింగు నాడు పిల్లలు ఉపన్యాసం ఇయ్యొద్దు, పెద్దోళ్ళనే అడగాలె. "ఈ గ్రాఫుల మస్తు వాన పడ్డ రోజు ఏదో చెప్పు నాయినా" అని. రైతులు నిమిషంల చెప్తరు, ఆ రోజు చేన్ల ఏమైందో గూడ చెప్తరు, అది గూడ నోట్సుల ఎక్కుతది.

మార్చి, ఏప్రిల్‌ల ఏం చేయాలె

మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, 12:30కు ఇంటికి. నీడ కర్ర ఆగిపోతదా అంటే ఆగదు, మార్చి 20 కాడ నల్గొండల నీడ గీత మీదికి 12:20కు వస్తది, పాలమూరుల 12:25కు, లాంగ్ బెల్లుకు ముందు కొలుచుకొని పోవచ్చు. సెప్టెంబర్ 23 నాడు రాసిన నంబరు తీసి పక్కన పెట్టి చూడండి, రెండూ దాదాపు ఒకటే ఉంటయి, ఎందుకో పిల్లలనే అడగండి.

ఏప్రిల్ ఆఖరుల నోట్సులు ఐదోళ్ళ నుంచి నాలుగోళ్ళకు అప్పజెప్పాలె, బీరువాల తాళం వేయొద్దు, జూన్‌ల అదే నోట్సుల పోయిన ఏడాది కాలమ్ పక్కనే కొత్త కాలమ్ గీసుకుంటరు. ఇగ సెలవులల్ల ఒకటే హోం వర్కు. మే 7, 8 తేదీలల్ల సూర్యుడు మళ్ళీ మన నెత్తి మీదికొస్తడు, ఈసారి మొగులు ఉండదు. నల్గొండ దిక్కు 12:10కి, మహబూబ్‌నగర్ దిక్కు 12:15కు వాకిట్ల స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి పెట్టి, నీడ ఎటన్న ఉందా చూసి, ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపుల పెట్టమనండి. చెప్పులేసుకొని, నెత్తికి తువ్వాల చుట్టుకొని, రెండు నిమిషాలల్ల ఇంట్లకు రావాలె.